మకారియోపోలిసు బిషప్పు ఇలారియోను

లోకమున జరుగు కలహములు రెండు విధములు. న్యాయమునకును అన్యాయమునకును నడుమ జరుగునది మొదటిది. అట్టి దానియందు మనమే పక్షమున నిలువవలయునో నిర్ణయించుకొనుట సులభము. ఒక న్యాయమునకును వేఱొక న్యాయమునకును నడుమ జరుగునది రెండవది. దానియందు ఇరువురి చేతులలోను సత్యమున కొక్కొక్క తునుక యుండును. ఇరువురును తమ చేతనున్నదే సంపూర్ణ సత్యమని తలంతురు. ఇట్టి కలహములే ఎక్కువ కాలము నిలుచును, ఎక్కువ గాయములు చేయును. బల్గేరియా దేశీయులు తమ జాతి వీరులలో నొకనిగా నెంచు ఇలారియోను బిషప్పు జీవితమంతయు ఇట్టి కలహములోనే గడచెను. అందుచేతనే ఆయన చరిత్రమును మా చదువరుల ముందుంచ నెంచితిమి.

కథ తెలియుటకు ముందు తూర్పు దేశముల ఆర్థొడాక్సు సంఘపు కట్టుబాటును కొంచె మెఱుగవలయును. రోమా సంఘమునకు పోపువలె ఈ సంఘమున కంతటికి నొక్కడే యధిపతి లేడు. ఒక్కొక్క ప్రాంతపు సంఘమునకు పాట్రియార్కు అనియో, ఆర్చిబిషప్పు అనియో ఒక పెద్ద యుండును. ఆ సంఘము తన పరిపాలనను తానే చూచుకొనును. విశ్వాసము మాత్రము అందఱకు నొకటియే. ఒకరి ప్రభు భోజనపు బల్లయందు మఱియొకరు పాలుపొందుదురు. గౌరవమున కాన్‌స్టాంటినోపిలు పాట్రియార్కు మొదటివాడు. ఒక దేశపు సంఘము స్వతంత్రము కాగోరినప్పుడు తల్లిసంఘము సమ్మతించి యాశీర్వదించినచో అది కుమార్తె కాపురమునకు వెడలినట్లు. సమ్మతి లేక విడిపోయినచో అది యింటిలో చీలిక. ఈ రెంటి నడుమనున్న గీటు ఎంత సన్ననిదో ఇలారియోను కథ చూపుచున్నది.

బల్గేరియనులకు పూర్వము స్వంత రాజ్యమును, టర్నోవో నగరమున స్వంత పాట్రియార్కును ఉండిరి. 1393లో తురుష్కులు ఆ నగరమును పట్టుకొనిరి. 1453లో కాన్‌స్టాంటినోపిలు సైతము వారి వశమయ్యెను. సుల్తానులు తమ ప్రజలను భాషనుబట్టి గాక మతమునుబట్టి విభజించి పాలించిరి. గ్రీకుగాని, సెర్బుగాని, బల్గేరియనుగాని, ఆర్థొడాక్సు క్రైస్తవుడైన చాలును, కాన్‌స్టాంటినోపిలు పాట్రియార్కు పెత్తనము క్రిందివాడే. పెండ్లి తగవులు, వారసత్వములు, సంఘపు పన్నులు అన్నియు ఆ పీఠమునకే చెందెను. 1767లో ఓహ్రిదు ఆర్చిబిషప్పు పీఠమును గూడ రద్దుచేసి కాన్‌స్టాంటినోపిలులో కలిపివేసిరి. అటుపిమ్మట బల్గేరియను ఊళ్లకు వచ్చిన బిషప్పులు మిక్కిలిగా గ్రీకులే. పదవి దొరకుటకు వారు సొమ్ము చెల్లింపవలసి వచ్చెడిది. ఆ సొమ్మును మరల రైతులయొద్ద రాబట్టెడివారు. పట్టణములలో ఆరాధన గ్రీకు భాషలో, చదువు గ్రీకు భాషలో జరిగెడిది. గుడిలో చదువబడునది తల్లికి తెలియదు. బడిలో చెప్పబడునది తండ్రికి తెలియదు. 1762లో అథోసు పర్వతమునందలి హిలందారు మఠమునకు చెందిన పైసియను సన్న్యాసి బల్గేరియనుల చరిత్రమును వ్రాసి, తమకును రాజులు, గురువులు ఉండిరని జాతికి జ్ఞాపకము చేసెను. ఆ గ్రంథము వ్రాతప్రతులుగా ఊరూరికి ప్రాకెను.

ఇట్టి కాలమున, 1812వ సంవత్సరమున, టర్నోవోకు సమీపమున కొండల నడుమనున్న ఎలెనా అను పట్టణమున మన కథానాయకుడు జన్మించెను. తల్లిదండ్రు లిడిన పేరు స్టోయాను మిహైలోవ్‌స్కి. ఇరువదవ యేట, 1832లో, ఆయన పైసి యుండిన ఆ హిలందారు మఠమునకే పోయి సన్న్యసించి ఇలారియోను అను పేరు దాల్చెను. చదువునం దాశ మెండుగా నుండుటచే మఠమున నిలువక, అండ్రోసు ద్వీపమున థియోఫిలోసు కైరిసు అను ప్రసిద్ధ గ్రీకు పండితుని పాఠశాలలో చేరెను. అటనుండి ఏథెన్సు నగరమునకు వెడలి చదువు కొనసాగించెను. ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. గ్రీకు పెత్తనమును జీవితమంతయు నెదిరించిన ఈయన గ్రీకు గురువుల పాదములయొద్దనే విద్య గడించెను. స్వజాతి స్వాతంత్ర్యము కొఱకు పోరాడి గెలిచిన గ్రీసు దేశమును కన్నులార చూచెను. ఆ దేశపు సంఘము 1833లో తనంతట తానే స్వతంత్రమైనట్లు ప్రకటించుకొనెను. పాట్రియార్కు మొదట అంగీకరింపకపోయినను 1850లో అంగీకరించెను. గ్రీకులకు తగిన నీతి బల్గేరియనులకు తగదా యను ప్రశ్న ఆయన మనస్సున నాటుకొనుటలో వింత యేమియు లేదు.

చదువు ముగించి కాన్‌స్టాంటినోపిలు చేరిన ఇలారియోనుకు నియోఫిటు బోజ్‌వెలి అను వృద్ధ సన్న్యాసి తోడయ్యెను. టర్నోవో ప్రజలు తమ బిషప్పు పదవికి బోజ్‌వెలినే కోరియుండగా పాట్రియార్కు పీఠము గ్రీకు నొకని నియమించెను. అందుచే ఆ వృద్ధుని గుండె మండుచుండెను. ఆ నగరమున దర్జీపనియు వర్తకమును చేసికొని బ్రతుకు బల్గేరియనులు వేలకొలదిగా నుండిరి. వారి పక్షమున ఈ యిరువురును 1844లో సుల్తాను దర్బారునకు విన్నపములు పంపుకొనిరి. బల్గేరియను ఊళ్లకు బల్గేరియను బిషప్పులు, రాజధానిలో తమ భాషలో ఆరాధన జరుపుకొనుట కొక గుడి, తమ భాషలో బడులు, పత్రికలు. వారి కోరికల సారాంశ మింతియే. దానికి ఫలముగా 1845లో ఇరువురిని పట్టుకొని అథోసు పర్వతమునకు పంపి అచ్చట బంధించిరి. బోజ్‌వెలి 1848లో హిలందారు మఠముననే మృతినొందెను. ఇలారియోను మాత్రము 1850లో, ఆ పర్వతమును దర్శింపవచ్చిన రష్యా యాత్రికుడు మురవ్యోవు చేసిన సిఫారసువలన విడుదల పొందెను.

ఈలోపల ఆ కోరికలలో నొకటి నెరవేరెను. సుల్తాను కొలువున నున్నతోద్యోగియైన బల్గేరియనుడు స్టెఫాను బొగొరిది గోల్డెన్ హారన్ అను సముద్రపు పాయ యొడ్డున, ఫనారు పేటలోనున్న తన యింటిని దానమిచ్చెను. ఆ స్థలమున 1849లో పరిశుద్ధ స్టెఫాను పేర కొయ్యతో కట్టిన చిన్న గుడి తెఱవబడెను. పాట్రియార్కు పీఠముండునదియు ఆ పేటలోనే. 1858లో పాట్రియార్కు ఆ గుడి కొఱకు ఇలారియోనును బిషప్పుగా అభిషేకించి మకారియోపోలిసు బిషప్పు అను బిరుదిచ్చెను. మకారియోపోలిసు పేరునకు మాత్రమే బిషప్పు పీఠము. అచ్చట ఆయన క్రింద ప్రజలు లేరు, గ్రామములు లేవు. పేరునకు బిషప్పుగా చేసి కూర్చుండబెట్టినచో ఆందోళన చల్లారునని పీఠమువారు తలంచియుందురు. కాని కథ వేఱొక త్రోవ త్రొక్కెను.

1860వ సంవత్సరము ఏప్రిలు 3వ తేది, ఈస్టరు ఆదివారము. (1872 వరకు మే మిచ్చు తేదీలు ఆ సంఘము వాడిన పాత పంచాంగము చొప్పున నున్నవి.) ఆర్థొడాక్సు ఆరాధనలో బిషప్పు తనకు పైవాడైన పాట్రియార్కు పేరును బిగ్గరగా నుచ్చరించి ఆయన కొఱకు ప్రార్థింపవలెను. చూచుటకిది చిన్న ఆచారమే. అయినను సంఘబంధమంతయు ఆ యొక్క పేరున ముడిపడియున్నది. పేరు చెప్పినవాడు లోబడినవాడు, చెప్పనివాడు తెంచుకొన్నవాడు. ఆ ప్రొద్దు కొయ్యగుడి క్రిక్కిఱిసి యుండెను. పాట్రియార్కు పేరు చెప్పవలసిన సమయము రాగానే, ఆ పేరు వద్దని సభయంతయు కేకలు వేసెను. ఇలారియోను ఆ పేరు విడిచెను. పాట్రియార్కునకు మాఱుగా సుల్తాను పేరు చెప్పి, ఆర్థొడాక్సు బిషప్పు లందఱి కొఱకును ప్రార్థించెను.

ఆ మాటలలోని నేర్పును చదువరులు గమనింతురుగాక. సుల్తాను పేరు చెప్పుటవలన ఇది రాజద్రోహము కాదని తెలియజేసెను. ఆర్థొడాక్సు బిషప్పు లందఱి కొఱకు ప్రార్థించుటవలన ఇది మతత్యాగము కాదని తెలియజేసెను. విడిచినది ఒక్క పేరు మాత్రమే. కాని ఆ యొక్క పేరే గోడకు మూలరాయి. కొలది నెలలలోనే అనేక బల్గేరియను పట్టణములు ఆయన త్రోవనే నడచెను. వెలెసు బిషప్పు ఔక్సెంటియు, ప్లోవ్‌దివు బిషప్పు పైసి యనువారును ఆయనతో కలిసిరి. వీరిలో రెండవవాడు బల్గేరియనుడు కాడు. అయినను తన మందయొక్క పక్షమున నిలిచెను.

అప్పుడు మూడవ త్రోవ యొకటి కానవచ్చెను. కాన్‌స్టాంటినోపిలుతో వేగలేనివారు రోమా పోపుతో చేరినచో ఫ్రాన్సు మొదలగు కతోలిక రాజ్యముల అండయు, స్వభాషలో ఆరాధనయు దొరకునని కొందఱు వాదించిరి. 1860 డిసెంబరులో ద్రగాను త్సాంకోవు నాయకత్వమున నొక చిన్న సమూహము రోమా సంఘముతో ఏకమయ్యెను. 1861లో తొమ్మిదవ పయసు పోపు వారి పెద్దయైన యోసేపు సొకొల్‌స్కిని స్వయముగా అభిషేకించెను. కొలది నెలలలోనే ఆ సొకొల్‌స్కి రష్యా ఓడనెక్కి వెడలిపోయి, తన శేషజీవితమును కీవు నగరమున గడపెను. ఇలారియోను ఈ త్రోవ త్రొక్కలేదు. తండ్రితో తగవుపడినవాడు పొరుగింటివానిని తండ్రీయని పిలువ నేల? ఆయన కోరినది విశ్వాసమును మార్చుకొనుట గాదు, ఆ విశ్వాసమునందే తన జాతికి నొక పీఠము.

అయినను పాట్రియార్కు పీఠము క్షమింపలేదు. 1861 ప్రారంభమున సభ కూర్చి ఆయనను దోషిగా నిర్ణయించి బిషప్పు పదవినుండి తొలగించెను. తురుష్క ప్రభుత్వము ముగ్గురు బిషప్పులను దేశాంతరమునకు పంపెను. 1864లో గాని ఇలారియోను రాజధానికి మరలి రాలేదు. మొదటి చెఱ ఐదేండ్లు, ఈ రెండవది ఇంచుమించు మూడేండ్లు. చెఱనుండి వచ్చినవాడు ప్రజల దృష్టిలో పూర్వపు బిషప్పు గాడు, జాతికి నాయకుడయ్యెను.

ఇక పాట్రియార్కు పక్షపు వాదము నాలకింతము. అది లేకున్న ఈ కథ సగము కథయే యగును. గ్రీసు దేశమునకు రాజ్యమును ఎల్లలును గలవు. ఆ యెల్లల లోపలి సంఘమునకు స్వాతంత్ర్య మిచ్చుట కష్టము గాదు. బల్గేరియనులకు రాజ్యము లేదు, ఎల్లలు లేవు. థ్రేసు, మాసిడోనియా సీమలలో ఒకే పట్టణమున గ్రీకులు నొక వీధిలో, బల్గేరియనులు నొక వీధిలో కాపురముండిరి. ఒక పట్టణమున నొక్కడే బిషప్పు ఉండవలెనని 325లో నైసియా మహాసభ నాటినుండియు సంఘ నియమము. ఇప్పుడు భాషనుబట్టి వేఱు బిషప్పును నియమించినచో ఒకే పట్టణమున ఇద్దఱు బిషప్పు లగుదురు. క్రీస్తునందు యూదుడనియు గ్రీసుదేశస్థుడనియు లేదని బోధించు సంఘమును జాతి గీతలతో కోయవచ్చునా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని దానిని వేసినవారి నోట అది కొంత వన్నె తగ్గెను. ఏలయనగా జాతిభేదము లేదనుచునే వారు శతాబ్దమునుండి బల్గేరియనుల గుడులలో గ్రీకు భాషను, గ్రీకు బిషప్పులను నిలిపియుండిరి.

రాజీ కొఱకు యత్నములు జరుగకపోలేదు. ఆఱవ గ్రెగోరి పాట్రియార్కు 1867లో డాన్యూబు నదికిని బాల్కను పర్వతములకును నడుమనున్న సీమను స్వపరిపాలనగల సంఘముగా నొసగ జూపెను. అది పూర్వ మెన్నడు నెఱుగని యౌదార్యమే. కాని పర్వతములకు దక్షిణమున, మాసిడోనియాయందు నివసించు బల్గేరియనులు దానివలన వెలుపల బడుదురు. అందుచే బల్గేరియను నాయకులు దానిని నిరాకరించిరి. రష్యా రాయబారి ఇగ్నాతియెవు ఇరుపక్షముల వారిని కలుప జూచెను. ఆర్థొడాక్సు ప్రజ చీలినచో రష్యా పలుకుబడియు చీలునని ఆయనకు తెలియును. సుల్తాను మంత్రులకు మాత్రము తొందర లేకుండెను. క్రైస్తవు లిరువురును తగవుపడి తమ వాకిటికే వచ్చుచుండగా వారికి కలుగు నష్టమేమి?

తుదకు 1870 ఫిబ్రవరి 28వ తేదిని సుల్తాను ఫర్మానా వెలువడెను. ఎక్సార్కు అను పెద్ద క్రింద బల్గేరియను సంఘ మొకటి ఏర్పడెను. ఎక్సార్కు ఆరాధనలో పాట్రియార్కు పేరు చెప్పవలెను, పరిశుద్ధ తైలమును ఆయనయొద్దనే పొందవలెను. తక్కిన పరిపాలన తనదే. ఇది ముగింపువలె కనబడెను. కాని ఆ ఫర్మానాలోని పదియవ షరతు క్రొత్త కలహములకు విత్తనమయ్యెను. పేరుపెట్టి చెప్పబడిన సీమలుగాక మఱే ప్రాంతమునందైనను ఆర్థొడాక్సు జనులలో మూడింట రెండువంతులవారు కోరినచో ఎక్సార్కు క్రిందికి రావచ్చునని అందు వ్రాయబడెను. అనగా ఇకమీదట ప్రతి గ్రామమును తల లెక్కపెట్టుకొనవలెను, ప్రతి గుడి వాకిటను ఇరుపక్షములవారు నిలువవలెను.

పాట్రియార్కు ఫర్మానాను అంగీకరింపలేదు. 1872 జనవరి 6న ప్రభువు ప్రత్యక్షతా పండుగనాడు తమ గుడిలో ఆరాధన జరుపుకొన ననుజ్ఞ యిమ్మని బల్గేరియనులు వేడుకొనగా, ఆఱవ ఆంథిముసు పాట్రియార్కు నిరాకరించెను. ప్రజలు రాత్రివేళ ఇలారియోను ఇంటిమీదికి గుంపుగా వచ్చి పట్టుబట్టిరి. ఆయనయు, ప్లోవ్‌దివు పనారెతు, లోవెచు ఇలారియోను అను మఱి యిరువురు బిషప్పులును కొయ్యగుడికి పోయి ఆరాధన నడపిరి. పాట్రియార్కు ఫిర్యాదుచేయగా ప్రభుత్వము వారిని ఇజ్మితుకు పంపెను. బల్గేరియనుల యలజడి చూచి కొలది దినములలోనే మరల రప్పించెను. ఫిబ్రవరిలో విదిను మెట్రోపాలిటను ఆంతిము మొదటి ఎక్సార్కుగా ఎన్నుకొనబడెను. మే 11న ఆయన పరిశుద్ధ స్టెఫాను గుడిలో తమ సంఘము స్వతంత్రమని ప్రకటించెను.

ఆ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదిని కాన్‌స్టాంటినోపిలున కూడిన మహాసభ తన తీర్పు చదివెను. సంఘమున జాతిభేదమును స్థాపించుట తప్పుబోధ యనియు, దానిని చేపట్టినవారు సంఘమునుండి చీలినవా రనియు ప్రకటించెను. యెరూషలేము పాట్రియార్కు సిరిలు ఆ తీర్పునకు చేవ్రాలు చేయ నిరాకరించి, అందువలన తన పీఠమునే పోగొట్టుకొనెను. రష్యా సంఘమును ఆ తీర్పును సమర్థింపలేదు. అయినను చీలిక చీలికయే. పండ్రెండేండ్లకు పూర్వము ఈస్టరునాడు విడిచిన ఒక్క పేరు ఇప్పుడు రెండు బలిపీఠముల నడుమ గోడయై నిలిచెను.

ఇలారియోను ఎక్సార్కు పదవి నొందలేదు. ఆయనకు టర్నోవో మెట్రోపాలిటను పీఠము లభించెను. పూర్వ మా పీఠమునకై కోరబడి నిరాకరింపబడిన బోజ్‌వెలి శిష్యుడు, ఆ సమీపపు కొండలలో పుట్టినవాడు, ఆ నగరమున బిషప్పుగా ప్రవేశించుట చూచి వృద్ధులు కన్నీరు పెట్టుకొనిరన్నను అతిశయోక్తి కాదేమో. ఆయన అచ్చట కాలమును ఉత్సవములలో గడపలేదు. బిషప్పులు మనవారైనంతమాత్రమున చాలదు, వారు చదువుకొన్నవారై యుండవలెనని యెంచి, ల్యాస్కొవెత్సు సమీపమున నున్న పేతురు పౌలుల మఠమున గురువుల పాఠశాల కొఱకు పాటుపడెను. అది 1874లో తెఱవబడెను. మరుసటి యేడు, 1875లో, అఱువదిమూడేండ్ల ప్రాయమున ఆయన కాన్‌స్టాంటినోపిలులో కన్నుమూసెను. పరిశుద్ధ స్టెఫాను గుడి యావరణముననే ఆయన సమాధి యున్నది. ఆ కొయ్యగుడి స్థానమున తరువాత ఇనుముతో చేసిన దేవాలయ మొకటి వెలసెను. దాని భాగములు వియన్నాలో తయారై డాన్యూబు నదిమీదుగా ఓడలలో తేబడెను. 1898లో అది ప్రతిష్ఠింపబడెను.

ఆయన మరణించిన మూడేండ్లకు బల్గేరియా రాజ్యము తల యెత్తెను. అయినను చీలిక మానలేదు. మాసిడోనియా పల్లెలలో పాట్రియార్కు పక్షమువా రనియు, ఎక్సార్కు పక్షమువా రనియు రెండు తెగలై, గుడి తాళముల కొఱకు, బడి పంతుళ్ల కొఱకు తగవులాడిరి. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున ఆ తగవులలో ఆయుధములు పట్టిన ముఠాలు చేరెను. గురువులు, ఉపాధ్యాయులు హతులైరి. ఒకే విశ్వాసప్రమాణమును పలుకువారి నడుమ ఇది జరిగెను. కాన్‌స్టాంటినోపిలు పాట్రియార్కు 1945 ఫిబ్రవరి 22న బల్గేరియా సంఘపు స్వాతంత్ర్యము నంగీకరించెను. చీలిక డెబ్బదిమూడేండ్లు నిలిచెను. 1953లో బల్గేరియాకు మరల స్వంత పాట్రియార్కు వచ్చెను. 1961లో కాన్‌స్టాంటినోపిలు ఆ పదవిని సైతము గుర్తించెను. కోరినదంతయు తుదకు సమ్మతితోనే లభించెను. కాని నడుమ రెండు తరములు గతించెను.

మే మీ కథను ముగించుచు ఇలారియోనును నిందింపము, దేవతగా నిలుపము. తల్లిభాషలో ప్రార్థింప గోరుట పాపము కాదు. దానికై రెండుమాఱులు చెఱ ననుభవించి, పరుల అండకై విశ్వాసము మార్చుకొనక నిలిచినవాడు మన గౌరవమునకు పాత్రుడు. కాని సంఘపు తగవును రాజుల వాకిటికి కొనిపోయినప్పుడు తీర్పు చెప్పువాడు సంఘక్షేమము నాలోచింపడని ఆ ఫర్మానా సాక్ష్యమిచ్చుచున్నది. పెద్దపీఠమున కూర్చున్నవారు చిన్నవారి మొఱ్ఱను సకాలమున వినకున్నచో తరువాత వినదలచినను వినువారు మిగులరని 1867 నాటి రాజీ సాక్ష్యమిచ్చుచున్నది. ఇది గతించిన కథ యని తలంపరాదు. 2018లో యుక్రెయిను సంఘపు స్వాతంత్ర్యమును గూర్చి కాన్‌స్టాంటినోపిలుకును మాస్కోకును తగవు పుట్టి, మాస్కో సంఘము కాన్‌స్టాంటినోపిలుతో ప్రభు భోజన సహవాసమును తెంచుకొనెను. ఊళ్లు వేఱు, పేర్లు వేఱు. ప్రశ్న మాత్రము ఆ కొయ్యగుడిలోని ప్రశ్నయే.

మన తరగతులలో, ఆటస్థలములలో, ఇండ్లలో చిన్నచిన్న పక్షములు పుట్టుచునేయుండును. న్యాయము మనదైనప్పుడు దానిని విడువనక్కఱలేదు. కాని ఎదుటివాని పేరు మన ప్రార్థననుండి తీసివేయుటకు ముందు, ఆ పేరును మరల చేర్చుటకు ఎన్ని యేండ్లు పట్టునో ఒక్కమాఱు లెక్కించుకొందము.